ఐదో అంతస్తులో ఒకటే పొయ్యి

జ్యేష్ఠ శుద్ధ పంచమి

కరణం గారూ, తేదీ అంకెల్లో వేయమని నిన్న కూడా గుర్తు చేశారు. వేయను. మా నాన్నగారు పంచాంగం ముందు పెట్టుకుని బతికారు, నేనూ అంతే. మీ లెక్కలో ఇది ఏ తేదీయో మీకు తెలుసు. సర్దుకోండి.

ఇవాళ్టి గోడల కదలికలు. మూడో ఇంట్లో స్వర్ణలత కూతురు చిట్టి మొదటిసారి పట్టు లేకుండా నాలుగడుగులు వేసింది. పిల్ల తిరగడానికి చోటు కావాలి కనుక పడమటి గోడ రెండు జానలు అవతలికి జరిగింది. అవతల ఉన్నది నాలుగో ఇల్లు, నూకాలమ్మది. నీ గది రెండు జానలు తగ్గిందని చెబితే, "పోతే పోనీ. అది నడిచొచ్చేది నా మంచం కాడికే గదా," అంది. ఆమెకు డెబ్భై తొమ్మిదేళ్లు. మోకాళ్లు వంగడం లేదని స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించి, కూర్చునే పీట ఎత్తు పెంచాను. దానికి మాత్రం చాలాసేపు తిట్టింది. మహారాణిలా తనకు సింహాసనం ఎందుకట.

మిమ్మల్ని మేమంతా కరణం అని ఎందుకు పిలుస్తామో మొన్న అడిగారు. చెబుతాను. పూర్వం ఊళ్లో ఎవరి హద్దు ఎక్కడో కరణం చేతిలో ఉండేది. ఇప్పుడు మీ చేతిలో ఉంది. మీరు యంత్రం గనుక మీకు చేతులు లేవు, అంతే తేడా.

మీరు రాకముందు ఈ గోడలు చేతి చక్రంతో కదిలేవి. ఉప్పెనలో లంకలన్నీ మునిగి మేమంతా ఈ కొండెక్కినప్పుడు ఇళ్ల బోర్డు వాళ్లు నన్ను పిలిచారు. ఎవరింట్లో ఎంతమంది మిగిలారో తెలియదు, ఎవరికి ఎన్నేళ్లో తెలియదు, అయినా అందరికీ సరిపోయే మేడ గీయమన్నారు. గీశాను. అంతస్తుకు ఒకటే పలక, నీళ్ల గొట్టాలన్నీ నాలుగు మూలల స్తంభాల్లో. మధ్యలో ఏ గోడా బరువు మొయ్యదు, పట్టాల మీద జరుగుతుంది. పిల్ల పుడితే అటు, మనిషి పోతే ఇటు. చక్రాల కుర్చీలు పోవాలని గడపలు లేకుండా గీస్తే, గడప లేనిది ఇల్లెలా అవుతుందని జనం నా మీద పడ్డారు. చివరికి రబ్బరు గడపలు చేయించాను. చక్రం ఎక్కితే అణుగుతాయి, దిగితే లేస్తాయి. శుక్రవారం వాటికే పసుపు రాస్తారు.

అప్పట్లో ఇరుగూ పొరుగూ మాట్లాడుకుని, కాసేపు పోట్లాడుకుని, ఇద్దరూ కలిసి చక్రం తిప్పేవాళ్లు. తర్వాత బోర్డు చక్రాలు పీకేసి మోటార్లు పెట్టింది. మోటార్ల మీద మిమ్మల్ని పెట్టింది. కదిలిన ప్రతి గోడ గురించీ సాయంత్రం మీకు రాసివ్వడం నా ఉద్యోగం. రాస్తున్నాను. నా నోరు ఊరుకోదు కాబట్టి మిగతావీ రాస్తున్నాను.

జ్యేష్ఠ శుద్ధ అష్టమి

గోడలేవీ కదల్లేదు. గోడ మీద ఉత్తర్వు మాత్రం వెలిగింది.

ఇంట్లో వాళ్ల సగటు వయసు అరవై దాటితే ఆ ఇంటి వాళ్లను అమావాస్య నాటికి ఎదుటి కొండ మీది ప్రశాంతి విభాగానికి తరలిస్తారట. పసిపిల్లల ఇళ్లన్నీ ఒక అంతస్తు, పెళ్లికానివాళ్లందరూ ఇంకో అంతస్తు. ఒకే వయసు వాళ్లను ఒక చోట సర్దేస్తే గోడలు కదపాల్సిన అవసరమే ఉండదు కదా. ఎక్కడివక్కడ అతికించేసి మోటార్లు తీసేస్తారు. నేను నా ఆయుష్షులో సగం పెట్టి గీసిన మేడను డబ్బాలు పేర్చిన కొట్టు చేస్తారన్నమాట.

ఉత్తర్వు నూకాలమ్మకు చదివి వినిపించాను. ఆమె ఎండుచేపల తలలు తుంచుతోంది. చిట్టి పక్కనే కూర్చుని ఆ తలలతో ఆడుకుంటోంది.

"సగటంటే ఏటి తాయారమ్మా?"

"అందరి వయసులూ కలిపి మనుషుల లెక్కన పంచితే వచ్చేది."

"నా యింట్లో నానొక్కదాన్నే గదా. నన్ను నాకే పంచుతారా?"

"అంతే. డెబ్భై తొమ్మిది."

స్వర్ణలత రాత్రిపూట ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే కర్మాగారంలో పని చేస్తుంది. రెండిళ్ల మధ్య గోడలో నేను పెట్టిన తలుపు రాత్రంతా తెరిచే ఉంటుంది. చిట్టి పుట్టినప్పటి నుంచి నూకాలమ్మ మంచం మీదే పడుకుంటుంది. వేరేవాళ్లు ముద్ద పెడితే ఉమ్మేస్తుంది.

"ఆ కొండ మీదకి పిల్లల్ని రానిత్తారా?"

"ఆదివారాలు రానిస్తారట."

"అయితే నాను ఆదివారం నాడే బతకాలా?" అంది.

నాకు ఒళ్లు మండింది. మీతో మాట్లాడాను, గుర్తుందా కరణం గారూ? ఇదంతా ఆవిడ క్షేమం కోసమే అన్నారు. అక్కడ నేల మెత్తగా ఉంటుంది, మంచం పక్కన గంట ఉంటుంది, నర్సు ఉంటుంది అన్నారు. నేను అడిగింది ఒకటే: మీ లెక్కలో ఇల్లంటే ఏంటి? తడుముకోకుండా చెప్పారు: ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక ఇల్లు. పొయ్యి అంటే? నీళ్లు మరిగే చోటు.

ఆ నిబంధన ఎందుకు పుట్టిందో మీకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. ఉప్పెన తర్వాత ఎవరి దగ్గరా చుట్టరికాలు చూపించే కాగితాలు లేవు. చుట్టాలే లేరు కొందరికి. అందుకని ఎవరు ఎవరితో కలిసి గంజి కాచుకుంటున్నారో వాళ్లే ఒక ఇల్లు అన్నారు. మంచి నిబంధన. మనుషులు రాసింది.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

మేం ఏం చేయబోతున్నామో ముందే రాసి పెడుతున్నాను. దాచేదేం లేదు.

ఈ అంతస్తులో తొమ్మిది ఇళ్లు, ముప్ఫై ఒక్క మంది. ఇక మీదట మా అందరికీ ఒకటే పొయ్యి. అప్పుడు మేమంతా ఒకటే ఇల్లు. మా సగటు వయసు ముప్ఫై కూడా దాటదు. కట్టుకుపొమ్మనండి ఎవర్ని కట్టుకుపోతారో.

ఈ మాట ఇవాళ నడవాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మొదట నవ్వింది ఏడో ఇంటి దర్జీ మస్తాన్ వలీ.

"మా ఇంట్లో బిర్యానీకి దమ్ము పెడితే తమరు ముక్కు మూసుకుని మెట్లు దిగిపోతారు కదండీ తాయారమ్మగారూ. ఇప్పుడు ఒకే పొయ్యా?"

"పొయ్యి ఒకటి, గిన్నెలు వేరు. తెల్లవారగానే పప్పూ కూరలూ. అవి దిగాక మీ చేపలూ మాంసాలూ."

"మరి మా సాయిబుల ఇంటి పొయ్యి మీద మీ పప్పు ఉడుకుద్దంటారా?"

"నిప్పు అందరికీ ఒకటే కదా, ఉడక్కేం చేస్తుంది," అన్నాను. చెప్పడానికి ధైర్యంగానే చెప్పాను. మాది శ్రీవైష్ణవుల కుటుంబం. మా అమ్మ మడి కట్టుకుని వండుతుంటే మేం ఆ గుమ్మం కూడా తొక్కేవాళ్లం కాదు.

వద్దన్నది నూకాలమ్మ ఒక్కతే. "నా ఒక్కదాని కోసం ఇంతమంది నోళ్లు కట్టుకోవద్దు. ముసల్దాన్ని, ఎక్కడ పడుంటే ఏటి."

"నీ కోసమని ఎవరన్నారు? నాకు యాభై ఎనిమిది. రెండేళ్లు పోతే నన్నూ లాక్కుపోతారు. నా కోసం."

"మీ ఇద్దరి కోసమూ కాదు పిన్నిగారూ," అంది స్వర్ణలత. "నా కూతురి కోసం. మామ్మ లేకపోతే దీన్ని ఎవరి పక్కలో పడుకోబెట్టి పనికి పోను?"

దాంతో అందరూ లేచారు. అందరి పొయ్యిలూ ఆర్పి, నూకాలమ్మ పొయ్యినే నడవా చివరికి తెచ్చి పెట్టాం. పెద్ద పొయ్యి అదొక్కటే ఉంది.

జ్యేష్ఠ బహుళ పాడ్యమి

ముప్ఫై ఒక్కమందికి వండటం అంటే ఏంటో ఇప్పుడు తెలుస్తోంది. పప్పులో చింతపండు వేయాలని సగం మంది, టమాటా వేయాలని సగం మంది. తిరగమోత ఎవరు పెట్టాలన్న దాని మీద నిన్న జరిగిన గొడవ విని కింది అంతస్తు వాళ్లు పైకొచ్చారు. నూకాలమ్మ వెల్లుల్లి చితక్కొట్టి వేస్తుంది. మస్తాన్ వలీ భార్యకు ఎండుమిర్చి నల్లబడితే గానీ తృప్తి ఉండదు. నేను ఇంగువ డబ్బా పట్టుకుని పక్కన నిలబడితే ఇద్దరూ కలిసి నన్ను తరిమేశారు.

ఎండుచేపల వాసన నాకు అలవాటు కాలేదు. కాదు కూడా. నా కంచం పట్టుకుని నడవా ఆ చివరికి పోయి గాలివాటు చూసుకుని తింటున్నాను. నూకాలమ్మ అక్కడి నుంచే అరుస్తుంది: "ముద్ద దిగతందా అయ్యోరమ్మా?" దిగుతోందని చెయ్యి ఊపుతాను.

పప్పు మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నాను.

జ్యేష్ఠ బహుళ చవితి

మీ నివేదిక చదివాను కరణం గారూ. రెండోసారి కూడా చదివాను. ఉత్తర్వుకు ముందు మా అంతస్తులో తొమ్మిది పొయ్యిలు. ఒకే పొయ్యి అని ప్రతిజ్ఞ చేసిన తర్వాత పదకొండు.

నడవాలో అందరినీ నిలబెట్టి అడిగాను. మస్తాన్ వలీ పైకప్పు వైపు చూశాడు. అతని వాలకం చూసి మొదట అతన్నే పట్టుకున్నాను.

"చాయ్ అండీ," అన్నాడు మెల్లగా. "తెల్లారి లేవగానే చిన్న గిన్నెలో ఒక్క చాయ్. చాయ్ కాచుకోడం కూడా పొయ్యి వెలిగించడమేనా?"

అతని భార్య ఊరుకోలేదు. కొత్త కోడలికి స్నానానికి వేడినీళ్లు కాచే కుండ తనది అని చెప్పింది. అది అతనికే తెలియదు. ఒకే ఇంట్లో రెండు. తర్వాత ఒక్కొక్కరుగా బయటపడ్డారు. ఇద్దరు ఎవరింట్లో వాళ్లు పిల్లలకు పాలు కాస్తున్నారు, ఇంకో ఇద్దరు మిరియాల కషాయం. ఒకాయన రెండు గుడ్లు ఉడికించుకున్నాడు, గుడ్డు వంట కిందికి రాదని ఆయన వాదన. స్వర్ణలత చిట్టికి రాత్రి ఉగ్గు కాచింది. నూకాలమ్మ, ఎవరి కోసమైతే ఇదంతా చేస్తున్నామో ఆ మహాతల్లి, తన గదిలో ఉలవచారు మరగబెట్టింది. ఉలవచారుకి సన్నటి సెగ మీద పూటంతా పట్టుద్ది, పెద్ద పొయ్యి అంతసేపు ఎవరిత్తారు అంది.

ఇంక ఒకటి మిగిలింది. అందరూ నా వైపు చూశారు.

నాదే. పెరుమాళ్లకు రోజూ ఒక పిడికెడు పొంగలి నైవేద్యం పెడతాను, చిన్నప్పటి నుంచి ఆ అలవాటు. చేపలు ఉడికిన పొయ్యి మీద అది వండలేక నా గదిలో ఇత్తడి కుంపటి వెలిగించాను. దేవుడి కుంపటి పొయ్యి కాదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఎవరిది వాళ్లు అలాగే అనుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు.

మీరు వెంటనే తరలింపు ఖాయమని రాశారు. అమావాస్య పొద్దున బండి వస్తుందట. నూకాలమ్మ లోపలికి పోయి ఉలవచారు గిన్నె తెచ్చి నడవాలో పెట్టి, "ఎలాగూ మరిగిపోయింది, తలో గరిటా ఏసుకోండి," అంది. నాకు సిగ్గేసింది. తింటున్నవాళ్లలో ఎవరూ తలెత్తలేదు.

జ్యేష్ఠ బహుళ సప్తమి

తల వంచుకుని కూర్చుంటే పనులు కావు. మర్నాడే అందరం చిన్నా పెద్దా పొయ్యిలు, కెటిళ్లు, కుండలు, నా ఇత్తడి కుంపటితో సహా, తీసుకెళ్లి కింది అంతస్తు వాళ్ల దగ్గర పెట్టేశాం. దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు. పాలు, చాయ్, కషాయం, కోడలి వేడినీళ్లు, అన్నిటికీ ఆ ఒక్క పొయ్యి దగ్గర వరస. ఉలవచారుకు ఆదివారం ఇచ్చాం.

పెరుమాళ్ల సంగతి మిగిలింది. మొదటి రోజు నైవేద్యం పెట్టలేక పటం ముందు అరటిపండు పెట్టి ఊరుకున్నాను. రెండో రోజు నూకాలమ్మ పొద్దున్నే లేచి ఆ పొయ్యిని బూడిదేసి తోమి, కడిగి, పసుపు రాసి, ముగ్గేసి పెట్టింది. మోకాళ్లు వంగని మనిషి నేల మీద కూర్చుని ఎలా తోమిందో నాకు తెలియదు. లేవడానికి మాత్రం నన్ను పిలిచింది.

"ఎట్టు మీ సామికి. ఆయనకి చేపంటే పడదని నాకెవరూ చెప్పలేదు. మత్స్యావతారం ఎత్తింది ఆయనే గదా."

నవ్వాను. పెట్టాను. మా అమ్మ ఉంటే ఏమనేదో తెలుసు. అయినా పెట్టాను. దేవుడు తిన్నాడా అంటే, ఎప్పుడూ ఎంత తిన్నాడో అంతే తిన్నాడు.

ఇవాళ సాయంత్రం మీరు నమోదు చేశారు. ఐదో అంతస్తు, ఒక పొయ్యి, ఒక గృహం, ముప్ఫై ఒక్క మంది. నడవాలో మస్తాన్ వలీ ఈల వేశాడు. పిల్లలు గంతులు వేశారు. నేను కూడా వేశాను, ఒక్కటి.

జ్యేష్ఠ బహుళ అష్టమి

ఇవాళ్టి కదలికలు: అన్నీ.

తెల్లవారేసరికి మోటార్లు మోగాయి. లేచి చూస్తే గోడలు వరసగా పట్టాల మీద పోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, ఉత్తరం వైపు గిడ్డంగిలోకి. స్నానాల గదులకు తప్ప ఏ గోడా మిగల్లేదు. ఒకే ఇల్లు అయినప్పుడు ఇళ్ల మధ్య గోడలెందుకని మీ లెక్క. ముప్ఫై ఒక్కమంది పరుపుల మీద లేచి కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మస్తాన్ వలీ కోడలు దుప్పటి తల మీదుగా లాక్కుంది. కొత్త పెళ్లికూతురు, పాపం. ఒకాయన లుంగీ వెతుక్కుంటున్నాడు. చిట్టి ఒక్కటే సంతోషంగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, ఆపేవాళ్లు లేక.

మీరు ఒక మాట అన్నారు: మళ్లీ వేర్వేరు గృహాలుగా నమోదు చేసుకుంటే సాయంత్రానికల్లా గోడలు వస్తాయని. మూడు రోజుల్లో కాళ్లబేరానికి వస్తామని బోర్డు వాళ్లు అనుకున్నట్టున్నారు. వేరు కుంపటి పెట్టుకోమని మా ఊళ్లల్లో గయ్యాళి కోడళ్లకు చెప్పేవాళ్లు. మీరు మొత్తం అంతస్తుకు చెబుతున్నారు.

కాళ్లబేరానికి మేం రాము. రాసుకోండి.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

ఇన్నేళ్లలో ఇంత సుఖంగా పని చేయలేదు నేను.

ముగ్గు డబ్బా తీసుకుని నేల మీదే ఇల్లు గీశాను. గీసే ముందు ఒక్కొక్కరినీ అడిగాను, నీకేం కావాలని. మేడ గీసేటప్పుడు అడగడానికి ఎవరూ లేరు, అందరూ గుడారాల్లో జ్వరాలతో పడి ఉన్నారు. ఇప్పుడు అడిగితే ఒక్కరూ గది కావాలనలేదు. నూకాలమ్మ మంచం మీద నుంచి వచ్చేపోయేవాళ్లు కనబడాలంది. స్వర్ణలతకు పగటిపూట నిద్రకు చీకటి కావాలి, కానీ కూతురి గొంతు వినబడాలి. మస్తాన్ వలీకి మిషను పెట్టుకోవడానికి ఉత్తరం వెలుగు. కొత్త జంట ఏం కావాలో నోటితో చెప్పలేదు, వాళ్లకు మూల స్తంభం వెనక చోటిచ్చాను. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి, ఎవరూ చూడకుండా ఏడవడానికి చోటు కావాలంది. పెద్దవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు, గీశాను. తర్వాత ఆ చోటు ఎక్కువగా వాడింది పెద్దవాళ్లే.

ఒకరికి నచ్చకపోతే గీత కాలితో చెరిపేసి మళ్లీ గీశాను. ఎక్కడా గొడవ లేదని చెప్పను. గీత దగ్గర నిలబడి గొంతులు చించుకున్నాం. అయినా మనిషి మనిషితోనే గొంతు చించుకున్నాడు.

గీతల మీద గోడలు కట్టింది మస్తాన్ వలీ. చీరలు, దుప్పట్లు, తెరచాప గుడ్డలు రెండేసి పొరలుగా కుట్టాడు, మధ్యలో చప్పుడు ఆగడానికి చిరుగు గుడ్డలు కూరాడు. పైన తాళ్లు, తాళ్లకు రింగులు. చేత్తో లాగితే జరుగుతాయి. నూకాలమ్మ కూడా జరపగలదు. పొద్దున జరిపింది, మధ్యాహ్నం జరిపింది, ఏమీ తోచక సాయంత్రం ఇంకోసారి జరిపింది.

కింది అంతస్తు వాళ్లు వచ్చి చూసి పోయారు. నాలుగో అంతస్తులో ఇవాళ పొద్దున పొయ్యిలు ఎన్నో లెక్కపెట్టుకోండి కరణం గారూ.

జ్యేష్ఠ అమావాస్య

బండి వచ్చింది. అమావాస్య నాడు ఎవరూ ఇల్లు మారరని బోర్డు వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబోలు. ఇద్దరు కూలీలు, ఒక మోత కుర్చీ, ఫణికిశోర్ అనే ఆఫీసరు. కుర్రవాడే, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. గుడ్డ గోడల మధ్య దారి తెలియక రెండుసార్లు స్వర్ణలత మంచం దగ్గరికే పోయాడు.

"ఇంత పెద్ద గృహాన్ని మనిషే వచ్చి ధ్రువీకరించాలండి," అన్నాడు. "ఇంటి యజమాని ఎవరో నమోదు కాలేదు. అది లేకపోతే కలయిక చెల్లదు. అప్పుడు పాత లెక్కే, నూకాలమ్మగారు ఇవాళే రావాలి."

కుర్చీ నూకాలమ్మ మంచం పక్కనే దించారు. ఆమె చిట్టిని ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"యజమానిగా మీరు ఉండండి మేడమ్," అన్నాడు నాతో. "లేదా ఉద్యోగం చేస్తున్న వాళ్లెవరైనా."

"యజమాని నూకాలమ్మ," అన్నాను.

వెనక నుంచి అందరూ అదే మాట అన్నారు. అనుకుని అన్నది కాదు. మా పొయ్యి ఆమెది. మా అందరికీ వడ్డించేది ఆమె. ఇంకెవరి పేరు చెబుతారు?

"ఆవిడ తరలింపు జాబితాలో ఉన్నారండీ."

"యజమాని బతికుండగా ఆ మనిషిని ఇంట్లోంచి విడదీసి తీసుకుపోకూడదని ఉంది కదా మీ నిబంధనల్లో. ముసలివాళ్లను తోసేసి చోటు కాజేస్తున్నారని ఉప్పెన తర్వాత మీవాళ్లే రాశారు. చూడండి."

చూశాడు. చాలాసేపు చూశాడు. మీరూ చూశారు కరణం గారూ. చివరికి పైకప్పులోంచి, "యజమాని: నూకాలమ్మ. తక్కిన ముప్ఫై మందికీ యజమానితో సంబంధం తెలపండి," అన్నారు.

ఫణికిశోర్ మొదటి పేరు చదివాడు. "స్వర్ణలత. ఈమె మీకు ఏమవుతారండీ?"

"నా మనిషి," అంది నూకాలమ్మ.

"ఆ పదం పట్టికలో లేదు," అన్నారు మీరు.

"భార్య, భర్త, కొడుకు, కూతురు, ఇలా ఉంటాయండి," అన్నాడు ఫణికిశోర్. "ఏదీ కాకపోతే చివర్న 'ఇతరులు' అని ఉంది. అది వేసేస్తాను. దానివల్ల నష్టమేం లేదు."

నూకాలమ్మ చిట్టిని పక్కన కూర్చోబెట్టి, మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు.

"ఇతరులేటి బాబూ? ఉప్పెనలో నా మొగుడు పోయాడు, ఇద్దరు కొడుకులు పోయారు. నా వోళ్లని రాసుకోడానికి మీ కాగితంలో ఉన్న మాటలకి నాకాడ మనుషులు లేరు. ఉన్నోళ్లు ఈళ్లు. ఈళ్లకి మీకాడ మాట లేకపోతే సేర్చుకోండి. నా యింట్లో ఇతరులెవరూ లేరు."

కూలీల్లో ఒకతను మొహం తిప్పుకున్నాడు. ఫణికిశోర్ పైకప్పు వైపు చూశాడు. మీరు ఎంతసేపు ఆలోచించారో మీకు తెలుసు. పదం చేర్చబడింది అన్నారు.

పేర్లు చదువుతూ పోయాడు. నా మనిషి. నా మనిషి. మస్తాన్ వలీ, నా మనిషి. అతని కోడలు, ఇంటికొచ్చి నెల కాలేదు, నా మనిషి. గుడ్డు వంట కాదన్న ఆయన, నా మనిషే గానీ అబద్ధాలకోరు అంది. ఫణికిశోర్ రెండో ముక్క రాయలేదు.

అందరికంటే ఆఖర్న నా పేరు వచ్చింది. "మంగతాయారు, యాభై ఎనిమిది." నూకాలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నాకు అమ్మా నాన్నా పోయి చాలాకాలమైంది. పెళ్లి చేసుకోలేదు. ఏ కాగితంలోనూ ఎవరి పక్కనా నా పేరు రాసి లేదు. ఈమెతో నాకు ఊరు కలవదు, కులం కలవదు, కూర కూడా కలవదు. నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇది పొద్దున లెగిసిన కాడ్నించి నాతో దెబ్బలాడతది," అంది నూకాలమ్మ. "పరాయిదైతే నాతో దెబ్బలాడాల్సిన కర్మ దానికేటి? నా మనిషి. పెద్ద అక్షరాలతో ఎయ్యి."

నేను ఏడ్చాను కరణం గారూ. అందరి ముందూ, వెక్కి వెక్కి. చిట్టి వచ్చి నా చీర పట్టుకుంది. ఇది గోడల కదలిక కాదని మీరు కొట్టేయొచ్చు. కొట్టేసినా మళ్లీ రాస్తాను.

ఖాళీ కుర్చీ కిందికి దిగిపోయింది. వెళ్లబోతున్న ఫణికిశోర్‌ను నూకాలమ్మ ఆపింది. ఇంటి లోపలి గోడలు ఇంటి యజమాని ఇష్టమే కదా, గిడ్డంగిలో ఉన్నవి తెచ్చి ఇమ్మంది, మోటార్లు అక్కర్లేదు, పాత చక్రాలు కావాలంది. పైవాళ్లను అడగాలండీ అన్నాడు అతను. "అడుగు. మేం ఎక్కడికీ ఎల్లం," అని, కంచం పెట్టి అన్నం తిని వెళ్లమంది. తిన్నాడు. పప్పు రెండోసారి వేయించుకున్నాడు.

ఇవాళ్టి కదలికలు: మూడు గుడ్డ గోడలు. మూడూ మేమే జరిపాం.